నేత్రవైద్య మహనీయుడు ఆల్‌ఫ్రెడ్ బీల్షోవ్‌స్కీ

మన కళాశాల సంచికలలో కవుల చరిత్రలు, రాజుల చరిత్రలు, దేశభక్తుల చరిత్రలు తరచుగా చోటు చేసుకుంటూ ఉంటాయి. అది ఉచితమే. అయితే మందుల వాసన నిండిన గదిలో, రోగి ఎదుట కూర్చుని, ఒక చిన్న సందేహాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి శ్రమించిన వారి చరిత్రలు మన విద్యార్థులకు అంతగా చేరడం లేదు. ఆ లోటును కొంతైనా తీర్చాలనే సంకల్పంతో, నేత్రవైద్య లోకంలో సుప్రసిద్ధుడైన ఆల్‌ఫ్రెడ్ బీల్షోవ్‌స్కీ జీవితాన్ని ఈ వ్యాసంలో సంగ్రహంగా పరిచయం చేస్తున్నాము.

ముందుగా ఒక పొరపాటును తొలగించాలి. బీల్షోవ్‌స్కీ అనే ఇంటిపేరు గల వైద్యులు ఒకే కాలంలో ఇద్దరున్నారు. మెదడు కణజాలానికి వెండి లవణాలతో రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతిని కనిపెట్టినవారు మాక్స్ బీల్షోవ్‌స్కీ. మన కథానాయకుడు ఆల్‌ఫ్రెడ్. ఇద్దరూ యూదు కుటుంబాలలో పుట్టినవారే. ఇద్దరూ జర్మనీ విడిచి వెళ్ళవలసి వచ్చినవారే. ఇద్దరూ 1940లోనే మరణించారు. అందువల్ల పుస్తకాలలో సైతం ఒకరిని మరొకరుగా పొరబడడం కద్దు.

ఆల్‌ఫ్రెడ్ బీల్షోవ్‌స్కీ 1871లో సైలీషియా ప్రాంతంలోని నామ్‌స్లావ్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. నాడు అది జర్మన్ సామ్రాజ్యంలోని భాగం. నేడు పోలండు దేశంలో ఉన్నది. వైద్యవిద్య పూర్తి చేసిన పిమ్మట ఆయన లైప్‌సిగ్ నగరంలోని విశ్వవిద్యాలయ నేత్రవైద్యశాలలో హూబర్ట్ జాట్లర్ అనే ఆచార్యుని వద్ద సహాయకుడుగా చేరారు. ఈ లైప్‌సిగ్ నివాసమే ఆయన జీవితానికి దారి చూపింది. ఏలననగా, అదే నగరంలో ఎవాల్డ్ హేరింగ్ అనే మహాపండితుడు శరీరధర్మశాస్త్ర పీఠాన్ని అధిష్ఠించి ఉన్నారు. రెండు కళ్ళూ ఒకే రథానికి కట్టిన జోడు గుర్రాల వలె ఒకే ఆజ్ఞకు లోబడి కదులుతాయనే సిద్ధాంతాన్ని 1868లోనే ప్రకటించినవారు హేరింగ్. ఆయన పరిశోధనాలయంలో పనిచేసే ఫ్రాన్స్ బ్రూనో హోఫ్‌మన్ అనే యువ శాస్త్రవేత్తకూ బీల్షోవ్‌స్కీకీ స్నేహం కుదిరింది. ఒకరిది ప్రయోగశాల, మరొకరిది వైద్యశాల. ఈ కలయిక ఫలితాన్ని నేటికీ ప్రపంచమంతటా నేత్రవైద్యులు అనుభవిస్తున్నారు.

ఆ ఫలితమేమిటో తెలియాలంటే కంటి నిర్మాణాన్ని గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. ప్రతి కనుగుడ్డునూ ఆరు కండరాలు కదిలిస్తాయి. వాటిలో నాలుగు తిన్ననివి, రెండు ఏటవాలువి. కన్ను కుడియెడమలకు, పైకీ క్రిందికీ తిరగడం మనం నిత్యం చూసేదే. దీనికి తోడు, గడియారపు ముల్లు తిరిగినట్లుగా కన్ను తన ఇరుసుపై తానే కొద్దిగా తిరగగలదు. ఈ తిరుగుడు అద్దంలో సులువుగా కనిపించదు. మనం తలను కుడి భుజం వైపు వంచినప్పుడు కళ్ళు రెండూ ఎడమ వైపుకు స్వల్పంగా తిరిగి ఆ వంపును సరిదిద్దడానికి ప్రయత్నిస్తాయి. అయితే తల వంగినంతా అవి తిరగలేవు. ఇంచుమించు పదోవంతు మాత్రమే తిరుగుతాయి.

ఈ తిరుగుడును కాపాడే కండరాలలో ముఖ్యమైనది పై ఏటవాలు కండరం. ఇది కంటి గూటి లోపలి మూలన ఉన్న ఒక చిన్న కప్పీ గుండా పోయి, వెనుకకు మళ్ళి కనుగుడ్డును అంటుకుంటుంది. చేదబావి మీది గిలకను చూసినవారికి ఈ ఏర్పాటు వెంటనే బోధపడుతుంది. దీనికి ఆజ్ఞలు తెచ్చేది నాలుగవ కపాలనాడి. కపాల నాడులన్నింటిలోనూ ఇది మిక్కిలి సన్ననిది. మెదడు వెనుక వైపున బయలుదేరే నాడి ఇదొక్కటే. కపాలంలో సుదీర్ఘంగా ప్రయాణించి కన్ను చేరుతుంది. అందుచేత తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు ఈ నాడి తేలికగా గాయపడుతుంది. మోటారు సైకిలు ప్రమాదాలు ఎక్కువగా జరిగే మన పట్టణాలలో ఈ విషయం తెలిసి ఉండడం అందరికీ అవసరం.

ఈ నాడి పని చేయనప్పుడు కన్ను కొంచెం పైకి లేస్తుంది, బయటి వైపుకు మెలితిరుగుతుంది. అప్పుడు ఒకే వస్తువు రెండుగా కనిపిస్తుంది. ఆ రెండవ బొమ్మ వాలి కూడా ఉంటుంది. ద్వారబంధం ఒకటి నిటారుగా, మరొకటి ఒరిగి కనిపిస్తే మనిషి ఎంత గాభరా పడతాడో ఊహించవచ్చు. మెట్లు దిగేటప్పుడు, పుస్తకం చదివేటప్పుడు ఈ బాధ అధికమవుతుంది. దాని నుండి తప్పించుకోవడానికి రోగి తనకు తెలియకుండానే తలను ఆరోగ్యంగా ఉన్న కంటి వైపు భుజానికి వాల్చుకుంటాడు. పసివారిలోనైతే ఈ వాలుతల పుట్టుకతోనే ఉండవచ్చు. మెడలో లోపమున్నదని భ్రమించి మెడకే చికిత్స చేసిన సందర్భాలు వైద్య చరిత్రలో ఉన్నవి. నిజానికి లోపమున్నది కంటిలో. మెడ ఆ కంటికి ఊడిగం చేస్తున్నది, అంతే.

మరి దోషం ఏ కంటిది, ఏ కండరానిది? పన్నెండు కండరాలలో దోషిని పట్టుకోవడం సులభమైన పని కాదు. ఈ చిక్కుముడిని విప్పే ఉపాయాన్ని హోఫ్‌మన్, బీల్షోవ్‌స్కీలు 1900 సంవత్సరంలో ప్రకటించారు. అప్పటికి బీల్షోవ్‌స్కీ వయస్సు ముప్ఫయి నిండలేదు. తల వంపుకూ కంటి తిరుగుడుకూ గల సంబంధాన్ని నాగెల్ అనే పండితుడు అంతకు పూర్వమే సూచించినప్పటికీ, దానిని రోగి పడక వద్ద పనికివచ్చే పరీక్షగా స్థిరపరచిన ఘనత ఈ మిత్రులదే.

ఆ పరీక్షకు యంత్రం అక్కరలేదు, ఖర్చు లేదు. రోగిని ఎదుటి వస్తువును చూస్తూ ఉండమని, తలను ముందు ఒక భుజం వైపు, తరువాత రెండవ భుజం వైపు వంచాలి. కుడి కంటి పై ఏటవాలు కండరం బలహీనమైనదని అనుకుందాము. తల కుడి వైపు వంగగానే కుడి కన్ను లోపలికి తిరగవలసి ఉన్నది. ఆ పనికి ఇద్దరు కూలీలు నియమితులై ఉన్నారు. ఒకడు పై ఏటవాలు కండరం, రెండవవాడు పై తిన్నని కండరం. మొదటివాడు కంటిని క్రిందికి లాగుతాడు, రెండవవాడు పైకి లాగుతాడు. ఇద్దరూ బలంగా ఉన్నంతవరకు ఆ లాగుడులు ఒకదానికొకటి సరిపోతాయి. మొదటివాడు చేతులెత్తేసినప్పుడు రెండవవాడు ఒంటరిగా లాగడం వల్ల కన్ను స్పష్టంగా పైకి లేస్తుంది. ఎడమ వైపు వంచితే ఆ ఎత్తు తగ్గిపోతుంది. రోగి ఏ వైపుకు తల వాల్చడానికి జంకుతున్నాడో ఆ వైపే రోగం ఉన్నదని దీని సారాంశం.

ఈ పరీక్షే నేటికీ బీల్షోవ్‌స్కీ తల వంపు పరీక్ష అనే పేరుతో వైద్య కళాశాలలలో బోధింపబడుతున్నది. అమెరికా దేశపు వైద్యుడు మార్షల్ పార్క్స్ 1958లో దీనిని చివరి మెట్టుగా నిలిపి మూడంచెల పరీక్షను రూపొందించారు. ఇక్కడ సత్యం కోసం మరొక మాట కూడా చెప్పాలి. ఇటీవలి దశాబ్దాలలో అయస్కాంత ప్రతిధ్వని చిత్రాలు తీయగా, ఈ పరీక్షలో దోషిగా తేలిన కండరం ప్రతి రోగిలోనూ నిజంగా కృశించి లేదని తెలియవచ్చింది. ఆయన ఇచ్చిన వివరణ కూడా కొంత సవరణ కోరుతున్నదని పండితులు గుర్తించారు. అయినప్పటికీ ఆయన చూసిన లక్షణం మాత్రం చెరగలేదు. వివరణలు మారినా, జాగ్రత్తగా చూసిన చూపు నిలుస్తుందనడానికి ఇంతకంటె నిదర్శనం వేరొకటి అవసరం లేదు.

తల వంపు పరీక్ష ఏ కండరం చెడినదో చెబుతుంది కాని, కన్ను ఎన్ని డిగ్రీలు మెలితిరిగినదో చెప్పదు. ఆ కొలత లేనిదే శస్త్రచికిత్స ఎంత చేయాలో నిర్ణయించడం కష్టం. బీల్షోవ్‌స్కీ కాలం నుండి నేటివరకు ఈ కొలతకై అనేక పరీక్షలు వచ్చినవి. వాటిలో ఏది మేలు అనే చర్చ నేటికీ ముగియలేదు. వాటిని పోల్చి చూడడం ఆయన మార్గాన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుందని భావించి ఇక్కడ వివరిస్తున్నాము.

మొదటిది జంట మాడాక్స్ కడ్డీ పరీక్ష. ఎర్నెస్ట్ మాడాక్స్ అనే ఆంగ్ల వైద్యుడు పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంలో రూపొందించిన గాజు కడ్డీ దీనికి మూలం. దాని గుండా చూస్తే దీపపు చుక్క ఒక గీతగా సాగి కనిపిస్తుంది. రెండు కళ్ళకూ రెండు కడ్డీలు అమర్చినప్పుడు రోగికి రెండు గీతలు కనిపిస్తాయి. ఒకటి వాలి ఉన్నచో, రెండూ సమాంతరమయ్యే వరకు కడ్డీని త్రిప్పి చట్రం మీది డిగ్రీలు చదువుతారు. ఇది చవక, శీఘ్రం, ఎక్కడికైనా జేబులో తీసుకుపోదగినది. పది డిగ్రీలకు మించిన వాలు కనిపిస్తే రెండు కళ్ళలోనూ నాడులు చెడినవేమో అని వైద్యుడు అనుమానిస్తాడు. కాని దీనికొక లోపమున్నది. ఒక కంటికి ఎరుపు, మరొక కంటికి తెలుపు అద్దాలు పెట్టినప్పుడు, దోషం ఏ కంటిదైనా సరే, ఎర్ర గీతే వాలినదని రోగి చెప్పే అవకాశమున్నది. రెండు వైపులా ఒకే రంగు వాడితే ఈ పొరపాటు తగ్గుతుంది.

రెండవది బాగోలీనీ అద్దాల పరీక్ష. ఇటలీ దేశపు వైద్యుడు బ్రూనో బాగోలీనీ పేరిట ఇది వెలసింది. ఈ అద్దాలపై కంటికి ఆననంత సన్నని గీతలుంటాయి. వాటి గుండా గది అంతా యథాతథంగా కనిపిస్తూనే దీపం మీద ఒక సన్నని వెలుగు రేఖ ఏర్పడుతుంది. సహజమైన చూపుకు ఇది చాలా దగ్గరగా ఉండడం దీని గుణం. ఆ గుణమే దీని లోపం కూడా. గదిలోని వస్తువులను ఒకటిగా చూడాలనే తపనతో మెదడు కళ్ళను సర్దుకుంటుంది. చిన్న వాలు మరుగున పడిపోతుంది. అందుచేత మాడాక్స్ కడ్డీలు చూపినంత వాలును ఈ అద్దాలు తరచుగా చూపవు. ఇందులో ఏది అబద్ధం? రెండూ నిజమే. మొదటిది మొత్తం దోషాన్ని బయటికి లాగుతుంది. రెండవది నిత్యజీవితంలో రోగి మోస్తున్న బరువెంతో చెబుతుంది.

మూడవది ఎర్ర ఆకుపచ్చ దీపాలతో చేసే లాంకాస్టర్ పరీక్ష. వాల్టర్ లాంకాస్టర్ 1939లో ప్రకటించిన ఈ విధానంలో రోగి తెరపై వెలుగు గీతలను ఒకదానిపై మరొకటి నిలపాలి. అన్ని దిక్కులలోనూ కన్ను ఎలా ప్రవర్తిస్తున్నదో ఒక పటం మీదికి ఎక్కుతుంది. సినాప్టొఫోర్ అనే జంటగొట్టాల యంత్రం కూడా ఆయా దిక్కులలో డిగ్రీల లెక్క చెప్పగలదు. కాని యంత్రం ఖరీదైనది, రోగి సహనం మరింత ఖరీదైనది.

పై పరీక్షలన్నీ రోగి నోటి మాట మీద ఆధారపడినవి. నాలుగవది అట్టిది కాదు. కంటి వెనుక పొరను ఛాయాచిత్రం తీసి, దృష్టినాడి బిళ్ళ మధ్య నుండి చూపు కేంద్రానికి గీత గీచి, ఆ గీత ఎంత వాలినదో కొలుస్తారు. సామాన్యంగా చూపు కేంద్రం ఆ బిళ్ళ మధ్య కంటె కొంచెం దిగువనే ఉంటుంది. ఆ కోణం సగటున ఆరేడు డిగ్రీలు. కన్ను బయటికి మెలితిరిగితే అది ఇంకా దిగజారుతుంది. మాటలు రాని పసివారికి, ఒక కంటితోనే చూసే అలవాటు పడినవారికి ఇది ఎంతో ఉపయోగకరం. అయినా ఆరోగ్యవంతులలోనే ఈ కోణం మనిషికీ మనిషికీ మారుతుంది. పుట్టుకతో దోషమున్నవారిలో చిత్రం స్పష్టంగా వాలి ఉన్నా, వారికి లోకం వాలినట్లు కనిపించదు. చిన్ననాటి నుండి మెదడు ఆ వంకరను నిటారుగా భావించడం నేర్చుకున్నది. కొత్తగా దెబ్బ తగిలినవారికి చిత్రంలో స్వల్పంగా ఉన్నా బాధ అపారం. అందుకే అనుభవజ్ఞుడైన వైద్యుడు రెండు రకాల పరీక్షలూ చేసి, వాటి మధ్య తేడానే సాక్ష్యంగా స్వీకరిస్తాడు. రోగి పాత ఛాయాచిత్రాలు తెప్పించి బాల్యంలో తల వాలి ఉన్నదా అని చూస్తాడు.

పరీక్ష అడిగే ప్రశ్న ఏమిటో ముందు తెలుసుకుని, ఆ తరువాతనే దాని జవాబును నమ్మాలనే ఈ వివేకం బీల్షోవ్‌స్కీ రచనలలో ఆద్యంతం కనిపిస్తుంది. మెల్లకన్ను గలవారి రెండు కళ్ళూ దిక్కులను ఒకే విధంగా గుర్తిస్తున్నాయో లేదో తేల్చడానికి ఆయన మరొక ఉపాయం పన్నారు. ఒక కంటికి నిలువు వెలుగును, మరొక కంటికి అడ్డ వెలుగును చూపి, కళ్ళు మూసుకున్న తరువాత మిగిలే నీడలు ఏ ఆకారంలో కలుస్తాయో అడిగేవారు. నీడబొమ్మల పరీక్ష అని దీనికి పేరు. రెండు కళ్ళతో ఒకే లోకాన్ని చూడడమెట్లా అనే ఈ విచారణ చాలా పురాతనమైనది. దాదాపు వేయి సంవత్సరాల క్రితమే ఇబ్నుల్ హైసమ్ తన కితాబుల్ మనాజిర్ అనే గ్రంథంలో ఒక వస్తువు రెండుగా కనిపించడాన్ని చర్చించారు. విజ్ఞానం ఒక జాతి సొత్తు కాదనడానికి ఈ పరంపరే సాక్షి.

1912లో బీల్షోవ్‌స్కీ మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో నేత్రవైద్య పీఠాన్ని స్వీకరించారు. రెండేళ్ళకే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. చూపు పోగొట్టుకున్న సైనికులు ఆయన వైద్యశాలకు రాసాగారు. వారిలో చదువు మధ్యలో ఆపి యుద్ధానికి పోయిన విద్యార్థులు ఎందరో ఉన్నారు. కంటి గాయం మానుతుంది, చూపు రాదు. అక్కడితో వైద్యుని బాధ్యత తీరిపోయినదని అనుకోవడానికి ఆయన మనస్సు ఒప్పలేదు. యౌవనంలోనే చూపు కోల్పోయి, అయినా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కార్ల్ స్ట్రేల్ అనే యువకుని సాయంతో ఆ సైనికులకు బ్రెయిలీ లిపి నేర్పించారు. 1916లో వీరిద్దరి పూనికతో మార్బుర్గ్‌లో అంధులకు ఉన్నత విద్యను అందించే సంస్థ, దానితోపాటు బ్రెయిలీ గ్రంథాలయం వెలసినవి. ఆ సంస్థకు బీల్షోవ్‌స్కీ మొదటి అధిపతి. ఆ విద్యాలయం నేటికీ నడుస్తున్నది. కళ్ళు బాగుచేయడమే వృత్తిగా గలవాడు, బాగుచేయలేని కళ్ళ వారికి చదువుల తలుపు తెరిచాడు. ఆయన జీవితంలో మమ్మల్ని అన్నిటికంటె ఎక్కువగా కదిలించిన ఘట్టం ఇదే.

1923లో ఆయన బ్రెస్లావ్ నగరానికి ఆచార్యుడుగా వెళ్ళారు. అది ఆయన పుట్టిన సైలీషియా ప్రాంతపు ప్రధాన నగరం. సొంత గడ్డ మీద గౌరవంతో జీవితం గడిచిపోతుందని ఎవరైనా అనుకుంటారు. 1933లో నాజీలు అధికారంలోకి వచ్చారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే యూదు వంశజులను ప్రభుత్వోద్యోగాల నుండి తొలగించే శాసనం చేశారు. యుద్ధకాలంలో ఆ దేశపు సైనికుల కళ్ళకు కాపలా కాసిన ఆచార్యునికి సైతం కొద్దికాలంలోనే పీఠం లేకుండా పోయింది. ఆయన విద్యలో లోపం లేదు, నడతలో కళంకం లేదు. పుట్టుకయే నేరమైనది. అరవై ఏళ్ళు దాటిన వయస్సులో ఆయన అట్లాంటిక్ మహాసముద్రం దాటి అమెరికా చేరారు.

అక్కడ న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని డార్ట్‌మత్ కళాశాల ఆయనను ఆదరించింది. ఆ కళాశాల నేత్ర పరిశోధన సంస్థకు ఆయన అధిపతి అయ్యారు. పరాయి భాషలో మళ్ళీ పాఠం చెప్పడం మొదలుపెట్టారు. కంటి కదలికల దోషాలపై ఆయన ఆంగ్లంలో ఇచ్చిన ఉపన్యాసాలు గ్రంథ రూపం దాల్చి, అమెరికాలో ఈ శాఖకు పునాదిగా నిలిచినవి. ఆయన వద్ద పనిచేసిన హెర్మన్ బ్యూరియన్ తదుపరి కాలంలో ఫాన్ నూర్డెన్‌తో కలిసి రచించిన బృహద్గ్రంథాన్ని ఈ శాఖ విద్యార్థులు నేటికీ ప్రమాణంగా భావిస్తారు. జర్మనీ పారవేసిన దీపం మరొక దేశంలో వెలిగింది. 1940లో బీల్షోవ్‌స్కీ అమెరికాలోనే కన్నుమూశారు.

విద్యార్థి మిత్రులారా! ఈ జీవితం నుండి మేము గ్రహించినవి మూడు సంగతులు. గొప్ప పరిశోధనకు గొప్ప యంత్రం అక్కరలేదు. వాలిన తలను చూసి ఎందుకు వాలినదని అడగగల మనస్సు చాలు. ఒక్క పరీక్షతో ఎవరినీ దోషి అనరాదు. కంటి విషయంలోనే కాదు, మనుషుల విషయంలోనూ ఒకే కొలత పట్టుకుని తీర్పు చెప్పేవారు పొరబడతారు. బీల్షోవ్‌స్కీని తొలగించినవారు ఆయన వంశాన్ని కొలిచారు, ఆయన పనిని కొలవలేదు. నష్టపోయినది ఎవరో చరిత్ర తేల్చింది. ఇక మూడవది, చదువుకున్నవాడు తన చదువును చేతకాని చోట కూడా ఉపయోగించే దారి వెదకాలి. చూపు ఇవ్వలేని వైద్యుడు అక్షరం ఇచ్చాడు.

వివిధ మాతృభాషల వారు, వివిధ మతాల వారు ఒకే కప్పు క్రింద కూర్చుని చదువుకునే ఇట్టి కళాశాలలకు ఈ చరిత్ర పరాయిది కాదు. రెండు కళ్ళు రెండు చోట్ల నుండి చూస్తాయి. రెండు బొమ్మలనూ ఒకటిగా కలిపినప్పుడే దూరమెంతో, లోతెంతో మనకు తెలుస్తుంది. ఆ కలయిక ఎంత సున్నితమైనదో, సన్నని నాడి ఒకటి తెగితే ఎట్లా చెదిరిపోతుందో జీవితమంతా పరిశీలించిన ఆ మహనీయునికి నమస్సులర్పిస్తూ, మన విద్యార్థులలో కొందరైనా ఆ బాటన నడుస్తారని ఆశిస్తున్నాము.